వృక్షోద్యానమూ ఊరి జనమూ

బొటానికల్ గార్డెన్‌కూ మామూలు పార్కుకూ ఉన్న తేడా చెట్టును చూస్తే తెలియదు, దస్తరం చూస్తే తెలుస్తుంది. పార్కులో వేపచెట్టు నీడనిస్తే చాలు. బొటానికల్ గార్డెన్‌లో అదే వేపకు ఒక నంబరు ఉంటుంది. దాని విత్తనం ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, ఏ సంవత్సరంలో నాటారు, ఏటా ఎప్పుడు పూసింది, ఎప్పుడు కాసింది అన్న వివరాలన్నీ ఆ నంబరు కింద రాసి ఉంటాయి. శాస్త్రీయ నామం, కుటుంబం, స్థానిక నామం ఉన్న పలక చెట్టు పక్కన కనిపిస్తుంది. కొమ్మ ఒకటి ఎండబెట్టి, కాగితానికి అతికించి, హెర్బేరియంలో భద్రపరుస్తారు. చెట్టు చచ్చిపోయినా దాని సాక్ష్యం మిగులుతుంది. ఈ వివరాలు లేని తోట ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి పనికిరాదు.

ఇలాంటి తోటలు మొదట వైద్య విద్య కోసం పుట్టాయి. ఇటలీలోని పాదువా నగరంలో 1545లో మొదలైన తోట ఇప్పటికీ అదే చోట ఉంది. ఏ మూలిక ఏదో విద్యార్థులకు ప్రత్యక్షంగా చూపించడానికే దాన్ని పెంచారు. పద్దెనిమిదో శతాబ్దానికి వచ్చేసరికి లక్ష్యం మారింది. సముద్ర వ్యాపారం చేసే దేశాలకు మిరియాలు, దాల్చిన, నీలిమందు, కలప కావలసి వచ్చాయి. ఒక ఖండపు మొక్కను మరో ఖండంలో బతికించి చూసే ప్రయోగశాలలుగా తోటలు మారాయి. భారతదేశంలో ఈస్టిండియా కంపెనీ తోటలన్నీ ఈ కోవలోవే. వాటిలో తొలినాటి తోట ఒకటి తెలుగునేల మీద, సామర్లకోటలో ఉండేది.

తోటను నడిపే అధికారికి అప్పుడైనా ఇప్పుడైనా పనులు స్థూలంగా నాలుగు. ఏ మొక్కలు సేకరించాలో నిర్ణయించడం, వాటికి సరైన పేరు పెట్టి రికార్డు రాయించడం, వాటిని బతికించే తోటమాలుల్ని, నీటిని, డబ్బును సమకూర్చడం, ఆ జ్ఞానాన్ని తోట గోడ దాటించి జనానికి చేర్చడం. మొదటి మూడు పనులూ బాగా జరిగి నాలుగోది జరగకపోతే ఏమవుతుందో సామర్లకోట చరిత్ర చెబుతుంది.

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్‌లో పుట్టాడు. ఎడిన్‌బరోలో జాన్ హోప్ దగ్గర వృక్షశాస్త్రం చదివి, 1776లో మద్రాసులో కంపెనీ వైద్యుడిగా చేరాడు. 1781లో సామర్లకోటకు వచ్చాడు. ఒక పక్క పెద్దాపురం, ఇంకో పక్క కాకినాడ రేవు, ఉత్తరాన తూర్పు కనుమల అడవి. సముద్రతీరపు ఇసుక నేల మొక్కలు, గోదావరి మెరక మొక్కలు, కొండ మొక్కలు అన్నీ అందుబాటులో ఉన్న చోటు అది. అంతకుముందే వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శిష్యుడైన యోహాన్ కోనిగ్ కోరమాండల్ తీరంలో మొక్కలు సేకరిస్తూ తిరిగాడు. ఎర్రచందనానికి ఇప్పుడున్న శాస్త్రీయ నామం కోనిగ్ పంపిన నమూనాల ఆధారంగా పెట్టిందే. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కోనిగ్ చనిపోయాడు. ఆ పనిని కొంతకాలం విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్, ఆయన తర్వాత రాక్స్‌బర్గ్ అందుకున్నారు.

రాక్స్‌బర్గ్ పద్ధతిలో ప్రత్యేకత స్థానికులతో కలిసి పనిచేయడం. మొక్క తెచ్చినవారిని దాని పేరు, వాడుక అడిగి రాసుకునేవాడు. స్థానిక చిత్రకారుల్ని పెట్టుకుని, తాజా కొమ్మ ఎదురుగా పెట్టి, ఆకు, పువ్వు, కాయ, గింజ విడివిడిగా గీయించేవాడు. సుమారు 500 బొమ్మలు లండన్‌కు చేరితే, సర్ జోసెఫ్ బ్యాంక్స్ వాటిలోంచి 300 ఎంపిక చేశాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు సంపుటాల గ్రంథంగా అవి 1795 నుంచి 1820 వరకు వెలువడ్డాయి. ఆ పుస్తకంలో లాటిన్ పేరు పక్కనే తెలుగు పేరు కనిపిస్తుంది. అడవికి దారి చూపినవారు, పేర్లు చెప్పినవారు, బొమ్మలు గీసినవారు తెలుగునాటి జనం.

ఆ వర్ణనలు ఎంత దగ్గరి నుంచి చూసి రాసినవో తెలియడానికి చిల్లగింజ ఒక్కటి చాలు. ఇండుప అనీ, చిల్లచెట్టు అనీ పిలిచే ఈ చెట్టు ముషిణి జాతికి చెందింది. ముషిణి విషం, చిల్ల మాత్రం నీటిని తేర్చే గింజ. బజారులో అమ్మే ఈ గింజను మట్టికుండ లోపలి అంచుకు ఒకటి రెండు నిమిషాలు రుద్ది, ఆ కుండలో బురదనీరు పోసి కదపకుండా వదిలేస్తారు. కాసేపటికి మడ్డి అడుగుకు దిగి పైన తేటనీరు నిలుస్తుంది. చెరువునీరు తాగే ఊళ్లలోనూ, ప్రయాణాలు చేసే సిపాయిల మూటల్లోనూ ఈ గింజలు ఉండేవని రాక్స్‌బర్గ్ నమోదు చేశాడు. గింజలోని జిగురు పదార్థం నీటిలో తేలే మట్టిరేణువుల్ని ఒకదానికొకటి అంటించి బరువెక్కిస్తుంది. అందుకే అవి దిగిపోతాయి. ఆ సంగతి గ్రంథానికెక్కక ముందే తెలుగు ఇళ్లలో అది రోజువారీ పని.

సోమిద చెట్టు కథా అలాంటిదే. చేదుగా ఉండే దాని బెరడు జ్వరాలకు వాడేవారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడుకు బదులుగా పనికొస్తుందేమోనని రాక్స్‌బర్గ్ దాన్ని పరీక్షకు పంపించాడు. తర్వాతి వృక్షశాస్త్రజ్ఞులు ఈ చెట్టును ప్రత్యేక ప్రజాతిగా గుర్తించినప్పుడు దానికి సోమిడా అనే పేరునే ఖాయం చేశారు. అద్దకం బట్టల ఎరుపుకు ఆధారమైన చిరివేరును కూడా ఆయన పరిశీలించాడు. తీరపు ఇసుక నేలల్లో సాగుచేసిన మొక్క కంటే తనంత తానుగా మొలిచిన మొక్క వేరు నుంచే ఎక్కువ రంగు వస్తుందని రాశాడు. రాజమండ్రి సర్కారులో రైతులు చెరుకు ఎలా వేస్తారు, బెల్లం, పంచదార ఎలా తీస్తారు అన్నదాని మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. తుమ్మ జాతి చెట్ల మీద లక్క పురుగు బతుకుతీరును గమనించి రాసినదాన్ని 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రిక ప్రచురించింది.

సామర్లకోట తోటలో కంపెనీ ఎక్కువ ఆశ పెట్టుకున్నది మిరియాల మీద. సర్కారు కొండల్లో అడవి మిరియాల తీగను రాక్స్‌బర్గ్ గుర్తించాడు. మలబారు మీద ఆధారపడకుండా తూర్పుతీరంలోనే మిరియాలు పండించవచ్చని అంచనా. అయితే తీగల్ని దగ్గరగా చూసినప్పుడు ఒక చిక్కు బయటపడింది. మగపూలు కొన్ని తీగల మీద, ఆడపూలు కొన్నింటి మీద, రెండు లక్షణాలూ ఉన్న పూలు మరికొన్నింటి మీద పూస్తున్నాయి. అందుకే ఆయన ఆ తీగకు పైపర్ ట్రయోయికం అని పేరు పెట్టాడు, అంటే మూడు ఇళ్లలో పూసేది. ఇలాంటి మొక్కను తోటలో పెంచేటప్పుడు ఏ తీగ ఏ రకమో తెలియకుండా అంట్లు నాటితే కాయలు పడవు. మిరియాల తోట వ్యాపారపరంగా నిలబడలేదు. శాస్త్రానికి మాత్రం ఒక కొత్త జాతి దక్కింది.

1787లో కోరంగి తీరాన్ని ముంచెత్తిన ఉప్పెన రాక్స్‌బర్గ్ పుస్తకాల్ని, సేకరణల్ని పోగొట్టింది. ఆయన మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. 1790 ప్రాంతంలో ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు వచ్చింది. మద్రాసులో అడుగుపెట్టిన నాటి నుంచి వాతావరణ వివరాలు రాసుకునే అలవాటున్న మనిషి కాబట్టి, కరువును వానల లెక్కతో కలిపి చూడగలిగాడు. వాన తప్పినా పంటనిచ్చే చెట్లను కాలవగట్ల మీదా, పొలంగట్ల మీదా, ఇళ్ల చుట్టూ నాటించాలని ప్రతిపాదించాడు. కొబ్బరి, తాటి, ఈత, సగ్గుబియ్యపు తాటి, అరటి, పనస, బ్రెడ్‌ఫ్రూట్ ఆ జాబితాలో ఉన్నాయి. బొటానికల్ గార్డెన్ పని అరుదైన మొక్కల్ని దాచుకోవడం మాత్రమే కాదు, కరువు రోజుల్లో ఊరి ఆకలి తీర్చే చెట్టు ఏదో చెప్పడం కూడా అన్న ఆలోచన అందులో స్పష్టంగా ఉంది.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకు సూపరింటెండెంటుగా వెళ్లాడు. రాబర్ట్ కిడ్ 1787లో స్థాపించిన ఆ తోటలో అప్పటికి సుమారు 300 జాతులుండేవి. 1814లో విలియం కేరీ శ్రీరాంపూర్‌లో అచ్చువేసిన జాబితా నాటికి అవి 3,500కు చేరాయి. సామర్లకోట బాధ్యత బెంజమిన్ హైన్‌కు వచ్చింది. 1799లో టిప్పు సుల్తాన్ పతనం తర్వాత హైన్‌ను మైసూరు సీమకు పంపి, బెంగళూరు లాల్‌బాగ్‌ను అప్పగించారు. సామర్లకోట తోట కంపెనీ లెక్కల్లోంచి క్రమంగా జారిపోయింది. సామర్లకోట పేరు నేడు రైల్వే జంక్షన్‌గా, పంచారామ క్షేత్రంగా తెలుసు. ఒకప్పుడు బొటానికల్ గార్డెన్ ఉన్న చోటుగా దాన్ని ఎరిగినవారు తక్కువ.

ఎందుకిలా జరిగిందన్న ప్రశ్నకు సమాధానం కష్టం కాదు. తోటకు డబ్బు పెట్టింది కంపెనీ, లాభం లెక్క చూసుకున్నది కంపెనీ. జ్ఞానం ఊరి నుంచి తోటకు వచ్చింది, తోట నుంచి లండన్‌కు పోయింది, తిరిగి ఊరికి రాలేదు. బొమ్మలు గీసినవారి పేర్లు గ్రంథంలో లేవు. ఆ గ్రంథం తెలుగులో రాలేదు. స్థానికుల్లో ఒకరిని తోట నడిపే స్థాయికి తయారు చేయలేదు. అధికారి బదిలీ కాగానే తోటకు దిక్కు లేకపోయింది. రాక్స్‌బర్గ్ గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడనడంలో సందేహం లేదు. ఆ గొప్పతనం మొక్కల వరకే పరిమితమైంది.

లాల్‌బాగ్ మరో దారిన నడిచింది. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన ఆ తోట కంపెనీ చేతుల్లోకి వెళ్లి, 1856లో ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ అయింది. 1889లో గాజుమేడకు శంకుస్థాపన జరిగింది. ఫలపుష్ప ప్రదర్శనలు ఊరి పండుగలయ్యాయి. గణతంత్ర దినానికీ, స్వాతంత్ర్య దినానికీ జరిగే ప్రదర్శనకు రాయలసీమ జిల్లాల నుంచి కూడా జనం వెళ్తారు. స్వాతంత్ర్యం తర్వాత డైరెక్టరుగా పనిచేసిన ఎం.హెచ్. మరిగౌడ తోటను ప్రదర్శనశాలగా ఉంచి ఊరుకోలేదు. జిల్లాల్లో ప్రభుత్వ పండ్లతోటలు, నర్సరీలు పెట్టించి, నమ్మకమైన అంట్లు రైతుకు అందేలా చూశారు. తోటలో పెరిగిన మొక్క ఊరి పెరట్లోకి, పొలంలోకి వెళ్లింది. అలా ఊరికి దగ్గరైన తోటకు కష్టకాలంలో అండ దొరుకుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ఆ దిశగా కనిపించే తోటలున్నాయి. హైదరాబాద్ కొత్తగూడలో 270 ఎకరాలకు పైగా విస్తరించిన కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్‌ను అటవీ అభివృద్ధి సంస్థ నడుపుతోంది. చుట్టూ ఐటీ కంపెనీల భవనాలు లేచిన ప్రాంతంలో పొద్దున్నే నడకకు వచ్చేవారికి అదే అడవి. జడ్చర్లలో డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆవరణలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ రూపుదిద్దుకుంది. వృక్షశాస్త్ర అధ్యాపకుడు డాక్టర్ బి. సదాశివయ్య దానికి ముందుండి, విద్యార్థుల్ని వెంటబెట్టుకుని పనిచేశారు. కంపెనీ ఖజానా లేని ఒక ప్రభుత్వ కాలేజీ కూడా ఇలాంటి పని తలపెట్టగలదని జడ్చర్ల చూపిస్తోంది.

తోటనూ ఊరినీ కలిపే పనికి తెలుగువారి పంచాంగమే మంచి కార్యక్రమ పట్టిక. వినాయక చవితికి 21 రకాల పత్రి కావాలి. మాచీపత్రం, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంతం, దానిమ్మ, దేవదారు, మరువం, వావిలి, జాజి, గండకి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు అని పుస్తకాల్లో ఉంటుంది. బజారులో దొరికే కట్టలో మాత్రం చేతికందిన ఆకులుంటాయి. చవితికి వారం ముందు తోటలో ఈ మొక్కల్ని వరసగా కుండీల్లో పెట్టి, ఒక్కో ఆకు అంచు, ఈనె, వాసన చూపిస్తే పిల్లలు ఒక పూటలో 21 మొక్కలు గుర్తుపడతారు. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషమొక్కలు కాబట్టి ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలన్న జాగ్రత్త కూడా అక్కడే తెలుస్తుంది. మైదానాల్లో పెరగని దేవదారుకు బదులు ఏం వాడుతున్నారన్న చర్చ వస్తుంది. ఏ చెట్టు ఏ నేలలో బతుకుతుందన్న పాఠం దానివెనకే వస్తుంది.

బతుకమ్మ రోజులకు తంగేడు, గునుగు కావాలి. బీడుభూములు ప్లాట్లుగా మారిన ఊళ్లలో అవి దొరకడం కష్టమవుతోంది. తోట తన విత్తనాలతో నారు పెంచి వాడల్లో పంచితే, వచ్చే ఏడు ఊరి గట్టుమీదే పూలు దొరుకుతాయి. కార్తీకంలో ఉసిరిచెట్టు నీడన వనభోజనాలకు తోట తలుపులు తెరిస్తే, ఏడాదిలో ఒక్కసారైనా కుటుంబమంతా అక్కడికి వస్తుంది. ఫాల్గుణంలో మోదుగ పూస్తుంది. దాని పూలతో హోలీ రంగు, ఆకుతో విస్తరి, బంకతో మందు. వేసవి మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది, ఆ తర్వాత తునికాకు కోత వస్తుంది. ఈ వరస తెలిసిన అధికారికి జనాన్ని రప్పించడానికి వేరే ప్రచారం అవసరం లేదు.

అడిగి తీసుకున్న జ్ఞానానికి లెక్క చెప్పడం ఈనాటి బాధ్యత. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఊళ్లో ఏ మొక్కలున్నాయి, వాటి వాడుక ఎవరికి తెలుసు అన్న వివరాలు అందులో చేరతాయి. వ్యాపార సంస్థలు ఆ వనరుల్ని వాడుకుంటే వచ్చే లాభంలో వాటా పంచే ఏర్పాటు చట్టంలో ఉంది. దగ్గరలోని బొటానికల్ గార్డెన్ ఆ కమిటీకి మొక్కల గుర్తింపులో సాయపడితే రిజిస్టరు తప్పుల్లేకుండా తయారవుతుంది. వాడుక చెప్పిన వైద్యుడి పేరు, అనుమతి కూడా రికార్డులోకి ఎక్కుతాయి. సామర్లకోటలో జరగని పని అది.

సొంత నేల వదిలివెళ్లిన తెలుగువారికి తోటతో ఈ అనుబంధం మరింత అవసరం. సూరత్ నగరంలో దిండోలిని ఆనుకొని ఉన్న నవాగామ్‌లోనూ, లింబాయత్ పరిసరాల్లోనూ తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. పవర్‌లూమ్ షెడ్ల మధ్య పెరిగే పిల్లలకు తాతల ఊరి చెట్లు కథల్లోనే తెలుసు. కానీ ఆ చెట్లు దూరంలో లేవు. సూరత్‌కు ఆగ్నేయంగా డాంగ్ జిల్లా అడవులున్నాయి. ఆ అడవి అంచున వఘయీలో గుజరాత్ అటవీశాఖ వారి బొటానికల్ గార్డెన్ ఉంది. 24 హెక్టార్ల ఆ తోటలో డాంగ్ అడవి మొక్కలకు ప్రత్యేక విభాగం ఉంది. వెదుళ్లకు, ఔషధ మొక్కలకు కూడా విడిగా చోటు ఇచ్చారు.

డాంగ్ అడవిలో టేకు, నల్లమద్ది, వేగిస, మోదుగ, తునికి, ఇప్ప చెట్లు ఉన్నాయి. గుజరాతీలో వాటిని సాగ్, సాదడ్, బీయో, ఖాఖరో, టీమరు, మహుడో అంటారు. రాక్స్‌బర్గ్ తెలుగునేల మీద చూసి రాసిన చెట్లలో ఎన్నో అక్కడ కనిపిస్తాయి. వేగిసకు, తునికికి శాస్త్రీయ నామాలు పెట్టింది కూడా ఆయనే. బతుకమ్మకు కావలసిన తంగేడు గుజరాత్ మెట్టభూముల్లో ఆవళ్ అనే పేరుతో పెరుగుతుంది. తెలుగు బడి పిల్లల్ని ఏడాదికోసారి ఇలాంటి తోటకు తీసుకెళ్లి, గుజరాతీ పలక ముందు నిలబెట్టి తెలుగు పేరు రాయించడం ఖర్చుతో కూడిన పని కాదు. పెద్దవాళ్లు వెంట వస్తే ఆ చెట్టుతో ఊళ్లో ఏం చేసేవారో వారే చెబుతారు. తోట అధికారికి అది కొత్త సమాచారం, పిల్లలకు అది పాఠం.

మొక్కల్ని బతికించడానికి నీరు, ఎరువు, తోటమాలి చాలు. తోటను తరాలపాటు నిలబెట్టడానికి చుట్టూ ఉన్న జనం కావాలి. ఊరి బడి, కాలేజీ, మహిళా సంఘం, మందుమొక్కలు తెలిసిన పెద్దలు తమ దగ్గరలోని బొటానికల్ గార్డెన్‌కు వెళ్లాలి, తమకు తెలిసిన మొక్క ఒకటి అక్కడ లేకపోతే దాని విత్తనం, పేరు, వాడుక ఇచ్చి రావాలి. ఇచ్చినవారి పేరును రికార్డులో రాసి, నారు పెరిగాక వారి పెరటికి ఒక మొక్క తిరిగి ఇవ్వడం తోట అధికారి బాధ్యత.